గంట కొట్టని పెళ్లి

మొన్న ఇద్దరు ఆడపిల్లలు మా ఇంటికి వచ్చారు. బైబిల్ ట్రైనింగ్ పూర్తయిందట, త్వరలో కొండల మీద ఊళ్లకు పనికి వెళ్తున్నారట. ఫోన్లు ముందు పెట్టి, "అమ్మా, యువతను సంఘంలోకి ఎలా ఆహ్వానించాలో మీ అనుభవంలోంచి నాలుగు మాటలు చెప్పండి, రికార్డు చేసుకుంటాం" అన్నారు. టీ ఇచ్చి పంపేశాను. నాలుగు మాటల్లో తేలిపోయేదయితే నేను అన్నేళ్లు కాళ్లరిగేలా తిరగడమెందుకు? కానీ వాళ్లు వెళ్లాక మనసు ఊరుకోలేదు. వాళ్ల ఉత్సాహం చూస్తే జాలేసింది, కొంచెం ఒళ్లు మండింది కూడా. అందుకే రాస్తున్నాను. తియ్యగా ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

తలుపు దగ్గర పని

అరకులోయకు ఎగువన ఒక సంఘంలో బైబిల్ ఉమన్‌గా పనిచేసి రిటైరయ్యాను. అంటే పాస్టరు గారి కింద జీతానికి పనిచేసే ఆడమనిషి. ఇల్లిల్లూ తిరగడం, జబ్బుపడ్డవాళ్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేయడం, ఆదివారం బడిలో పిల్లలకు పాఠం చెప్పడం, ఇవీ నా పనులని చెప్పి ఉద్యోగంలో పెట్టుకున్నారు. అసలు పని అది కాదు. ఆదివారం పొద్దున గుడి తలుపు దగ్గర నిలబడటం అసలు పని. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఎవరైనా చూస్తారు. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకుండా ఎవరు తిరిగిపోయారో చూడటం నా వంతు.

మా గుడి గోడ పక్కన రోడ్డు మలుపు తిరుగుతుంది. ఫోన్‌కి సిగ్నల్ దొరికేది అక్కడే. ఆదివారం బైకులు అక్కడ ఆగేవి. ఊళ్లో కాఫీ తోటలు చూసుకునే కుర్రాళ్లు, విశాఖపట్నంలో హోటళ్లలో పనిచేసి సెలవుకు వచ్చినవాళ్లు, డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలు ఆ గోడకు చేరగిలబడి నిలబడేవారు. మొదటి పాట అక్కణ్నుంచే పాడేవారు కూడా. "లోపలికి రండర్రా" అంటే, "సిగ్నలు పోతాది పెద్దమ్మా" అనేవారు. సిగ్నల్ వంక అని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

వాళ్లు లోపలికి ఎందుకు రారో మా పెద్దలు మీటింగుల్లో తెగ చర్చించేవారు. ఫోన్లు పాడుచేశాయని ఒకరు, సినిమాలని ఒకరు. గిటారు కొంటే వస్తారని ఇంకొకరు. గిటారు కొన్నారు. ఆ గోడ దగ్గరున్న వాళ్లలో ఒక్కరూ కదల్లేదు. ఇంటికి జీతం తెచ్చి అమ్మానాన్నలకు అన్నం పెడుతున్నవాళ్లను లోపలికి రాగానే ఆదివారం బడి పిల్లల్లాగా "ఏమ్మా, వాక్యం చదువుతున్నావా, అబద్ధాలు ఆడుతున్నావా" అని అడిగితే ఎవరొస్తారు? ఈ ముక్క నేను చెప్పినప్పుడల్లా పెద్దలు టీ తాగడంలో పడిపోయేవారు.

ఇద్దరు అయ్యగార్లు

నేను ఎక్కువ కాలం పనిచేసింది ఇద్దరు పాస్టర్ల దగ్గర. పాస్టరును మేం అయ్యగారు అంటాం.

మొదటాయన ఈ కొండల మనిషే. ఉన్నమాట చెప్పాలంటే మహా బద్ధకస్తుడు. గుడి కప్పు కారుతుంటే కింద గిన్నె పెట్టించేవాడు తప్ప కప్పు వేయించలేదు. ఆయన ప్రసంగం మొదలుపెడితే ముందు వరసలో ముసలమ్మలు హాయిగా కునుకు తీసేవారు. కానీ ఆరాధన అయ్యాక నేరుగా ఆ మలుపు దగ్గరికి పోయి, కుర్రాళ్ల మధ్య గోడెక్కి కూర్చునేవాడు. మిరియాలు ఎలా ఉన్నాయి, బైకు ఎంత మైలేజి ఇస్తోంది, ఇవే కబుర్లు. దేవుడి మాట ఎత్తేవాడు కాదు. వాళ్లే ఎత్తేవారు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా కొండల్లో పిల్లా పిల్లాడూ ఇష్టపడితే పిల్ల అతని ఇంటికి వెళ్లిపోతుంది. తర్వాత రెండు వైపుల పెద్దలూ కూర్చుని మాట్లాడుకుంటారు. ఒప్పుకున్నారంటే ఆ రోజు నుంచి వాళ్లు మొగుడూ పెళ్లాలే. విందు మాత్రం పంట చేతికొచ్చినప్పుడు, చుట్టాలందరికీ కుదిరినప్పుడు పెట్టుకుంటారు. ఒక్కోసారి వాళ్ల పిల్లలు కూడా ఆ విందులో ఆడతారు. మా అమ్మ కూడా అలాగే వెళ్లింది. నేను పుట్టి నడక నేర్చాక వాళ్ల విందు జరిగింది. ఎవరూ వేలెత్తి చూపలేదు.

మొదటి అయ్యగారు అలాంటి ఇంటికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, ఇద్దరి తలల మీదా చేతులు పెట్టి ప్రార్థన చేసి, పెట్టింది తిని వచ్చేవాడు. "పెళ్లి ఆళ్లు సేసుకున్నారు. మనం దీవించి ఒద్దాం, బేగి నడు" అనేవాడు. అంతే.

రెండో అయ్యగారు మైదానం నుంచి వచ్చాడు. కష్టజీవి. కప్పు వేయించాడు, మైకు పెట్టించాడు, జ్వరాలొచ్చిన ఊళ్లకు వానలో నడిచి వెళ్లాడు. చెడ్డవాడయితే నా పని తేలికయ్యేది, నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన మంచివాడు, తన మంచితనం మీద బొత్తిగా అనుమానం లేనివాడు. అలాంటివాళ్ల కింద పనిచేయడం ఎంత కష్టమో మీకు ముందు ముందు తెలుస్తుంది.

వచ్చిన ఏడాదే యువజన ఆదివారం పెట్టాడు. గుమ్మానికి ప్లాస్టిక్ పూల దండ, 'యువతకు స్వాగతం' అని రంగుల బ్యానరు. గోడ దగ్గరున్న వాళ్లను బతిమాలి నేనే లోపలికి తీసుకొచ్చాను. ఒక్కొక్కరినీ ముందుకు పిలిచి, చేతికి పువ్వు ఇచ్చి, మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. హోటల్లో పనిచేసే కుర్రాడి వంతు వచ్చింది. పట్నంలో ఏ గుడికి వెళ్తున్నావని అడిగారు. ఆదివారం సెలవుండదన్నాడు. "అయితే దేవుడికి నీ దగ్గర టైం లేదన్నమాట" అని అయ్యగారు నవ్వారు, సంఘమంతా నవ్వింది. ఆ కుర్రాడు కూడా నవ్వాడు, పాపం. మైకు బల్ల మీద పెట్టి, పువ్వు దాని పక్కన పెట్టి బయటికి నడిచాడు. ఆ తర్వాత వాడు గోడ దగ్గర కూడా ఆగలేదు.

మా పద్ధతి మీద కూడా ఆయనే నియమం తెచ్చాడు. గుడిలో పెళ్లి చేసుకోకుండా కలిసి ఉంటున్నవాళ్లకు ప్రభువు బల్ల లేదు, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరు. ప్రసంగం వినొచ్చు. బల్లకు ముందు లేచి వరండాలోకి వెళ్లిపోవాలి. వాళ్లు వెళ్లాక తలుపు మూయాల్సింది ఎవరనుకున్నారు? నేనే. పొద్దున ఏ చేత్తో నమస్కారం పెట్టి లోపలికి పిలిచానో ఆ చేత్తోనే మూసేదాన్ని. ఇదేం పని అయ్యగారూ అంటే, "క్రమశిక్షణ కూడా ప్రేమేనమ్మా" అన్నారు. వరండాలో నిలబడ్డవాళ్లకు ఆ ప్రేమ చలి పెట్టేది.

ఎస్తేరు

ఎస్తేరు నా దగ్గర ఆదివారం బడిలో చదువుకున్న పిల్ల. నర్సింగ్ పాసై మా ఆరోగ్య కేంద్రంలోనే స్టాఫ్ నర్సుగా చేరింది. పక్క ఊరి బొంజుబాబును ఇష్టపడి అతని ఇంటికి వెళ్లింది. కాఫీ, మిరియాలు పండిస్తాడు, నెమ్మదస్తుడు. రెండు వైపులా పెద్దలు కూర్చుని ఒప్పుకున్నారు. ఎస్తేరు తల్లి మరియమ్మ కూడా కూతురి ఇంట్లోనే ఉండేది. మా ఊళ్లో మొట్టమొదట ప్రభువును నమ్మింది ఈ మరియమ్మే. గుడికి పునాది తవ్వినప్పుడు మట్టి తట్టలు మోసిన మనిషి.

ఇక చూడండి. బల్ల ఆదివారం వచ్చిందంటే తల్లి ముందు వరసలో కూర్చుంటుంది, కూతురూ అల్లుడూ లేచి వరండాలోకి నడుస్తారు. ఊళ్లో సగం మందికి సూది వేసిన పిల్ల అందరి మధ్యలోంచి తల దించుకుని వెళ్తుంది. కొన్నాళ్లు ఓర్చుకుంది. తర్వాత బల్ల ఆదివారాల్లో డ్యూటీ వేయించుకోవడం మొదలుపెట్టింది.

మరియమ్మకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఒకరోజు నేను వెళ్తే నా చెయ్యి పట్టుకుంది. "నాకింకేటీ వద్దమ్మా. నా గుంట ఎస్తేరు పక్కన కూకుని ఒక్కపాలి ఆ రొట్టె తినాల. అది సూడు నువ్వు" అంది. ఏడవలేదు. కట్టెలు తెచ్చిపెట్టమన్నట్టు మామూలుగా అడిగింది.

దానికి దారి ఒకటే, గంట కొట్టని పెళ్లి. మా గుడిలో పెళ్లయితే పెళ్లికూతురు గుమ్మంలో అడుగు పెట్టగానే గంట కొడతారు, లోయ అవతలి ఊళ్లవాళ్లు కూడా విని ఎవరి పెళ్లో అనుకుంటారు. ముందే కలిసి ఉన్నవాళ్లకు ఆ గంట ఉండదు. తెల్లచీర, ముసుగు, పాట ఏవీ ఉండవు. ఆరాధన మొదలవక ముందు నాలుగు వాక్యాలు చదివి కానిచ్చేస్తారు. దానికి ముందు ఆ ఇద్దరూ మైకు పట్టుకుని తప్పు ఒప్పుకోవాలి. అయ్యగారు తెచ్చిన ఈ ఏర్పాటుకు ఒప్పుకున్నవాళ్లు బహు తక్కువ. ఆయనకు అది యువత మొండితనంగా కనపడేది.

ఎస్తేరును నేను అడిగాను. చేతిలో సిరంజి పక్కన పెట్టి నా వంక చూసింది.

"గంట లేకపోతే పోయింది పెద్దమ్మా. ముసుగూ లేకపోతే పోయింది. అమ్మ కోసం ఒస్తాను. కానీ తప్పు సేసేనని మైకులో సెప్పమంటే మాత్రం సెప్పను. మా ఆయన మొకం ఎలా సూత్తాను తర్వాత?"

నేను అయ్యగారి దగ్గరికి వెళ్లాను. ఒకసారి కాదు, చెప్పులరిగేలా తిరిగాను. చివరికి ఆయన మెత్తబడ్డారు. "సరేనమ్మా. మరియమ్మగారి ఆరోగ్యం దృష్ట్యా ఒప్పుకోలు లేకుండా ఒక ప్రార్థనతో ముగిద్దాం. అదే రోజు బల్ల కూడా తీసుకోనిద్దాం" అన్నారు. నేను ఆయన చేతులు పట్టుకుని దండం పెట్టాను. ఆ మాట మోసుకుని కొండెక్కుతుంటే నా వయసు కూడా గుర్తు రాలేదు.

ఆ ఆదివారం

ఎస్తేరు మామూలు నేత చీర కట్టుకుని వచ్చింది. బొంజుబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు బయట జాగ్రత్తగా జతగా విప్పాడు. గుళ్లో పెళ్లంటే అతనికి కొత్త, ఎక్కడ నిలబడాలో నన్ను అడిగి నిలబడ్డాడు. మరియమ్మ ముందు వరసలో కూర్చుంది. గోడ దగ్గరి కుర్రకారు సంగతి తెలిసి కిటికీల దగ్గర మూగారు.

నాలుగు వాక్యాలు చదవడం అయింది. అప్పుడు సంఘ పెద్ద ఒకాయన లేచి అయ్యగారి చెవిలో ఏదో చెప్పాడు. ఒప్పుకోలు లేకుండా వదిలేస్తే కిటికీల దగ్గరున్న వాళ్లందరికీ అలుసైపోతామన్నాడని తర్వాత తెలిసింది. అయ్యగారు నా వైపు చూడలేదు. మైకు తీసి బొంజుబాబు చేతికి ఇచ్చారు.

"ప్రేమతోనే అడుగుతున్నాను బాబూ. చేసిన పాపం సంఘం ముందు ఒప్పుకుంటే మనసు తేలికవుతుంది" అన్నారు.

"అయ్యగారూ, మీరు మాటిచ్చారు" అని నేను లేచాను.

"సువార్తమ్మా, నువ్వు కూర్చో" అన్నాడు సంఘ పెద్ద.

"కూర్చోను" అన్నాను. తలుపు దగ్గర్నుంచి మధ్య దారిలోకి వచ్చేశాను. అయినా మైకు లేని మనిషి మాట ఎవరికి కావాలి?

బొంజుబాబు మైకు వంక, ఎస్తేరు వంక చూశాడు. అతని మాటలో పొగరు లేదు. తెలియక అడిగినట్టే అడిగాడు.

"నాను రమ్మన్నాను, తనొచ్చింది. మా వోళ్లూ ఆళ్ల వోళ్లూ కూకుని ఒప్పుకున్నారు. ఇందల పాపం ఏటండీ? సెప్పండి, తెలిస్తే ఒప్పుకుంతాను."

ఆ ముందు వరసల్లో కూర్చున్న పెద్దల తల్లులూ నాయనమ్మలూ అలా నడిచి వచ్చినవాళ్లే కదా! ఆ సంగతి తెలిసీ అందరూ నేల చూపులు చూశారు. నాకు కడుపు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఎస్తేరు అతని చేతిలోంచి మైకు తీసి అయ్యగారికి తిరిగి ఇచ్చింది. రెండు చేతులతో, మర్యాదగానే ఇచ్చింది. "ఎల్లిపోదాం రండి" అని మొగుడితో అంది. ఇద్దరూ నా పక్కనుంచే బయటికి నడిచారు. కిటికీల దగ్గర ఒక్కరూ మిగల్లేదు.

మరియమ్మ లేవలేదు. ఆరాధన సాగింది, బల్ల వచ్చింది. ఆవిడ చెయ్యి చాచి రొట్టె ముక్క తీసుకుంది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ఆవిడంటే అసహ్యం వేసింది. కడుపున పుట్టిన పిల్ల అలా వెళ్లిపోతే ఈవిడకు రొట్టె ఎలా దిగుతుందా అనుకున్నాను.

ఆరాధన అయ్యాక ఆవిణ్ని నేనే పట్టుకుని ఇంటికి నడిపించాను. ఆగుతూ, ఆయాసం తీర్చుకుంటూ వెళ్లాం. ఇంట్లో ఎస్తేరు పొయ్యి దగ్గర వెనక్కి తిరిగి కూర్చుని ఉంది. బొంజుబాబు ఆ ఇస్త్రీ చొక్కాలోనే గుమ్మంలో కూర్చున్నాడు. మరియమ్మ కూతురి పక్కన చతికిలబడి చీర కొంగు ముడి విప్పింది. అందులో రొట్టె ముక్క ఉంది. ఆవిడ గుళ్లో తినలేదు.

"ఆళ్ల రొట్టె నాకొద్దమ్మా" అంది ఎస్తేరు.

"ఆళ్లదేటే? ఇది నా వంతు. నా వంతు నా గుంటకి నాను పెట్టుకోకూడదేటి?" అంది మరియమ్మ.

వేలెడంత ముక్క. దాన్ని తుంచి కూతురి నోట్లో పెట్టింది, అల్లుడి చేతిలో పెట్టింది, మిగిలిన పొడి తను వేసుకుంది. ఎస్తేరు తల్లి ఒళ్లో మొహం దాచుకుని ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఇన్నేళ్లలో నేను చూసిన బల్లల్లో నాకు నిజమనిపించింది అదే.

తర్వాత

మరియమ్మకు అది దాచుకోవాల్సిన సంగతి అనిపించలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లకు సంతోషంగా చెప్పింది. అక్కణ్నుంచి అది పెద్దల చెవిన పడింది. రొట్టెను బయటికి తీసుకెళ్లి అవమానపరిచిందని మరియమ్మకు కూడా బల్ల ఆపేశారు. గుడికి మట్టి మోసిన మనిషికి! క్షమాపణ చెప్పించమని అయ్యగారు నన్ను వెళ్లమన్నారు. వెళ్లనన్నాను. అది నాకు ఆయన చెప్పిన ఆఖరి పని. కొద్ది రోజులకే విశ్రాంతి తీసుకొమ్మని, నీ సేవ మరువలేమని శాలువా కప్పి పంపించేశారు.

మరియమ్మ మాత్రం ఓపికున్నన్నాళ్లూ గుడికి వెళ్లింది. బల్ల వేళకు లేచి, గోడ పట్టుకుని వరండాలోకి వచ్చేది. అప్పటికి నేను తలుపు దగ్గర లేను, వరండాలోనే ఆవిడ పక్కన కూర్చునేదాన్ని. లోపల పాట వినిపించేది. ఆవిడ కూడా సన్నగా పాడేది.

రికార్డు చేసుకుంటామని వచ్చిన ఆ పిల్లలిద్దరికీ నేను చెప్పాల్సింది ఇదే. మీ చేతికి బ్యానర్లు ఇస్తారు, పూలు ఇస్తారు, పాటలు నేర్పుతారు. అవన్నీ గుమ్మం దాకానే పనికొస్తాయి. లోపలికి వచ్చినవాడి బతుకును తప్పు అని ముందే రాసి పెట్టుకుని, వాణ్ని ప్రేమగా పిలవడం మోసం. ఆ మోసం మీ చేత చేయిస్తారు, జాగ్రత్త. చేయనంటే ఉద్యోగం పోతుంది. పోతే పోనివ్వండని చెప్పడం నాకు తేలికే, మీకు కాదని కూడా తెలుసు.

వానాకాలంలో మరియమ్మ పోయింది. సమాధుల తోటలో చోటు లేదని మాత్రం అనలేదు, అంతవరకు నయం. పాడె మోసింది గోడ దగ్గరి కుర్రాళ్లే. ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, బురదలో కొండ దిగి మోశారు. అంతమంది యువతను ఒక్కచోట చూసి అయ్యగారి మనసు కరిగింది. ఆయన కళ్లలో నీళ్లు అబద్ధం కాదు. వాక్యం చదివి, పుస్తకం మూసి, ఎస్తేరు వైపు తిరిగారు.

"మీ అమ్మగారి విశ్వాసం గొప్పదమ్మా. నువ్వు, నీ భర్త, ఈ యువకులందరూ మళ్లీ మందిరానికి రండి. ఎప్పుడూ రమ్మంటూనే ఉన్నాం కదా" అన్నారు.

ఎస్తేరు గొంతు పెంచలేదు.

"రమ్మన్నారు, ఒచ్చాం అయ్యగారూ. కూకోమన్లేదు" అని, వంగి తల్లి మీద మట్టి వేసింది.